పోటీ పరీక్షల ప్రత్యేకం: ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలి బోధనా భాష ఉర్దూ. ఇంగ్లిష్ రాజ్యమేలుతున్న రోజుల్లో ఇది సాహసమే! పాఠ్యపుస్తకాలను ఉర్దూలోకి తెచ్చే బాధ్యతను దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం మోసింది.

ఆర్ట్స్ కాలేజీ గులాబీ గ్రానైట్ భవనానికి రూపశిల్పి బెల్జియంకు చెందిన ఎర్నెస్ట్ జాస్పర్. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం.

ఈలోగా 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్న ఆంక్షపై విద్యార్థులు తిరగబడ్డారు. బహిష్కరణ వేటు పడినవారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. వరంగల్‌లో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా ఈ ఉద్యమం వల్లే నాగపూర్ బాట పట్టారు.

1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఈ క్యాంపస్సే ప్రధాన కేంద్రం.