“మాది నంద్యాల” అని చెప్పడం పిల్లలకు నేర్పుదాం



“మీ అబ్బాయికి ఎన్ని మార్కులు?” అంటే వెంటనే చెప్పగలం. “తన గురించి తాను ఏమనుకుంటున్నాడు?” అంటే మాత్రం ఆలోచిస్తాం. ఆత్మగౌరవం మార్కులతోనే రాదు. నేను ఏ ఊరివాణ్ణి, ఎవరిలో ఒకణ్ణి అన్న భావన నుంచి కూడా వస్తుంది. హెన్రీ టాజ్‌ఫెల్, జాన్ టర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీన్నే ‘సోషల్ ఐడెంటిటీ’ సిద్ధాంతంగా వివరించారు.

మన ఊళ్లోనే ఉదాహరణ

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటి నుంచి మనవి ‘సీడెడ్ జిల్లాలు’, అంటే ఒకరు మరొకరికి ఇచ్చేసిన జిల్లాలు. తెలుగులో దత్తమండలాలు అన్నారు. 1928 నవంబరులో మన నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించారు. విజయనగర రాయలు ఏలిన సీమ అని దాని భావం. పేరు మారినంత మాత్రాన వాన కురవలేదు. కానీ ఆ పేరుతో జనం కలిసి అడగడం మొదలుపెట్టారు. సాగునీరు, యూనివర్సిటీ వంటి కోరికలు 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో చేరాయి. తన వాళ్ల మీద గౌరవం ఉన్నవారే వాళ్ల కోసం ముందుకొస్తారు.

ఒక జాగ్రత్త

టాజ్‌ఫెల్ బ్రిస్టల్‌లో స్కూలు పిల్లలను చాలా చిన్న కారణంతో రెండు గుంపులు చేశారు. తమ గుంపులో ఎవరున్నారో తెలియకపోయినా, పిల్లలు తమవాళ్లకే ఎక్కువ డబ్బులు ఇచ్చారు. సెక్షన్, కులం, సినిమా హీరో... మన పిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి “మనం ఎవరికన్నా గొప్ప?” అని కాదు, “మనవాళ్ల కోసం నువ్వేం చేశావు?” అని అడుగుదాం.

ఇంట్లో ఇలా చేయండి

1. పిల్లల సీమ యాసను చూసి నవ్వకండి, నవ్వనివ్వకండి. ఇంగ్లీషు మీడియం టీచరుగా చెబుతున్నాను, యాస ఇంగ్లీషుకు అడ్డు కాదు. సిగ్గే అడ్డు.

2. ఒక ఆదివారం ఆళ్లగడ్డ శిల్పుల దగ్గరకు తీసుకెళ్లండి. రాయి విగ్రహమయ్యే పని చూసి, పిల్లలే ప్రశ్నలు అడగాలి.

3. వారానికి ఒక వీధి పని అప్పగించండి. మొక్కలకు నీళ్లు పోయడం, పక్కింటి అవ్వకు మందులు తెచ్చివ్వడం, చిన్న పిల్లలకు కథ చదివి వినిపించడం ఏదైనా సరే. వేరే స్కూలు పిల్లలనూ కలుపుకుంటే ఇంకా మంచిది.

పని చిన్నదే. అయినా దానిలో చెయ్యి పెట్టిన బిడ్డ “మా వీధి” అన్నప్పుడు ఆ గొంతులో తేడా మీకే వినిపిస్తుంది.