పాలు చేపడం: నాడుల పని, హార్మోను పని

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• పశువు ఎలా చేపుతుందో వరుసగా చెప్పగలుగుతారు;
• బెదిరిన పశువు, భయపడిన తల్లి పాలు ఎందుకు ఇవ్వలేవో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీరు రాయ్‌పూర్‌లో ఉన్నా, రాజమండ్రిలో ఉన్నా ఈ దృశ్యం చూసే ఉంటారు. పాలు పిండేవారు ముందు దూడను విడుస్తారు. అది పొదుగును కుమ్మి నాలుగు గుక్కలు తాగగానే ఆవు చేపుతుంది. అప్పుడు దూడను లాగి కట్టి పాలు పిండుతారు. చేపని ఆవును ఎంత గట్టిగా పిండినా పాలు కొద్దిగానే వస్తాయి. "పాలు ఎగజేపింది" అంటారు. పాలు పొదుగులోనే ఉన్నాయి కదా, ఎందుకు రావు?

2. పొదుగులో పాలు ఎక్కడ ఉంటాయి?

పొదుగు పాలు నింపిన సంచి కాదు. అందులో ద్రాక్షగుత్తుల వంటి సన్నని తిత్తులు ఉంటాయి. పాలు తయారయ్యేది వాటిలోనే. ఆవు పొదుగులో సుమారు అయిదో వంతు పాలు మాత్రమే చన్నుల పైనున్న ఖాళీలోకి దిగి ఉంటాయి. మిగిలినవి తిత్తులలోనే ఉంటాయి. గేదెలో దిగి ఉండే పాలు ఇంకా తక్కువ. తిత్తులలోని పాలను చేతితో లాగలేము. లోపలి నుండి నెట్టాలి.

3. వార్త పోయే దారి

(అ) దూడ చీకగానే చన్నుల చర్మంలోని జ్ఞాననాడులు ఆ స్పర్శను వెన్నుపాము ద్వారా మెదడుకు చేరుస్తాయి.
(ఆ) మెదడులోని హైపోథాలమస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిలవ ఉన్న ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది.
(ఇ) అది రక్తంతో పొదుగును చేరి, తిత్తుల చుట్టూ ఉన్న కణాలను కండరాలవలె ముడుచుకునేటట్లు చేస్తుంది. పాలు దిగుతాయి.

వార్త పోయేది నాడుల దారిన, జవాబు వచ్చేది రక్తం దారిన. అందుకే చేపడానికి నిమిషమో, కొంచెం ఎక్కువో పడుతుంది. ఆక్సిటోసిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. కనుక చేపిన వెంటనే ఆపకుండా పిండాలి.

4. దీనికి ఋజువు ఏమిటి?

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఆవు పొదుగులో ఒక సగానికి పోయే నాడులను కోసివేశారు. అయినా పొదుగు రెండు సగాలూ చేపాయి. అంటే మెదడు జవాబు పొదుగుకు నాడుల ద్వారా రావడం లేదు. తరువాత కాగితపు సంచులు పేల్చి ఆవును బెదరగొట్టారు. పాలు ఆగిపోయాయి. అడ్రినలిన్ ఇంజక్షను ఇచ్చినా అలాగే జరిగింది. భయపడినప్పుడు శరీరంలో విడుదలయ్యే హార్మోను ఇదే.

5. మన ఇంట్లో, మన కొట్టంలో

దూడ చనిపోతే దాని చర్మంలో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. చూపు, వాసన కూడా మెదడుకు వార్తలే కనుక ఆవు చేపుతుంది. బిడ్డ ఏడుపు వినగానే తల్లి రవిక తడవడం కూడా ఇటువంటిదే.

దూడ లేని పశువుకు కొందరు రోజూ ఆక్సిటోసిన్ ఇంజక్షను ఇస్తారు. ఇది మెదడు చేయవలసిన పనిని సూదితో చేయించడం. ఇది మేతకు బదులు కాదు. అలవాటైన పశువు సూది లేకుండా చేపడం తగ్గిపోవచ్చు. పూర్వం "ఫూకా" అని గర్భమార్గంలో గాలి ఊది చేపించేవారు. ఆ భాగంలోని నాడులు కూడా మెదడుకు అదే వార్త పంపుతాయి. పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇటువంటి పద్ధతులను, ఇంజక్షనులతో సహా, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షను నేరంగా చెబుతున్నది.

మీ ఇంట బాలింత ఉంటే ఈ పాఠాన్ని గుర్తుంచుకోండి. నొప్పి, భయం, దిగులు పాలు దిగడాన్ని ఆలస్యం చేస్తాయి. "నీకు పాలు లేవు" అని ఆమెను అనకండి. బిడ్డను ఒడిలో పెట్టి, మాటిమాటికీ చీకనివ్వండి. ఆమెను నెమ్మదిగా ఉండనివ్వండి. బిడ్డకు పాలు చాలడం లేదనిపిస్తే ఆరోగ్య కార్యకర్తకు చూపించండి.

మీ జవాబులను సరిచూసుకోండి

1. ఆక్సిటోసిన్ ఎక్కడ నిలవ ఉంటుంది?
2. పాలు పిండేటప్పుడు పశువును కొట్టకూడదు. ఎందుకు?

జవాబులు: 1. పీయూష గ్రంథి వెనుక భాగంలో. 2. భయం వల్ల విడుదలయ్యే అడ్రినలిన్ పాలు దిగకుండా చేస్తుంది.