బ్రాయిలర్ దాణాలో ఎమినో ఆమ్లాలు, విటమిన్లు: గేదెకు చాలినది కోడికి ఎందుకు చాలదు?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సంఘ సభ్యులలో కొందరు పాడితో పాటు చిన్న షెడ్డు వేసి రెండు మూడు వందల బ్రాయిలర్ పిల్లలను పెంచుతున్నారు. కంపెనీతో ఒప్పందం ఉన్నవారికి పిల్లలను, దాణాను కంపెనీయే ఇస్తుంది. సొంతంగా దాణా కలుపుకొనేవారి కోసం ఈ పాఠం రాస్తున్నాము.

అటువంటి సభ్యుడొకరు పాల కేంద్రం వద్ద మమ్మల్ని ఇలా అడిగారు: "అయ్యా, బర్రెకు వేరుశనగ చెక్క పెడితే పాలు పెరిగినాయి. అదే చెక్క మొక్కజొన్నలో కలిపి కోళ్ళకు పెట్టినాను. ఈకలు సరిగా రాలేదు, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఆరు వారాలైనా కిలో తూగలేదు. చెక్కలో మోసమేమైనా ఉందా?"

చెక్కలో మోసం లేదు. తేడా అంతా కడుపులో ఉంది.

గేదె నెమరువేసే జంతువు. దాని పెద్ద పొట్టలో ఉండే కోట్లాది సూక్ష్మజీవులు జొన్న చొప్పను, చెక్కను విడగొట్టి, ఆ సరుకుతో తాము పెరుగుతాయి. ఆ జీవులే తరువాతి పొట్టలోకి జారి జీర్ణమై గేదెకు మంచి మాంసకృత్తులుగా అందుతాయి. బి విటమిన్లను కూడా అవే తయారు చేస్తాయి. కోడికి ఈ వసతి లేదు. దానికి కావలసినవన్నీ తొట్టిలోనే ఉండాలి.

మాంసకృత్తులు ఎమినో ఆమ్లాలతో కూడుకొని ఉంటాయి. వీటిలో కొన్నింటిని కోడి తన శరీరంలో తయారు చేసుకోలేదు. వాటిలో మొక్కజొన్న, చెక్కల దాణాలో ముందుగా కొరత పడేవి మెథియోనిన్, లైసిన్. ఎమ్మిగనూరు మగ్గాల సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పేక నూలు ఎంత ఉన్నా పడుగు అయిపోతే బట్ట అక్కడితో ఆగుతుంది. కోడి ఒంట్లో కండ, ఈక పెరగటం కూడా అంతే. ఒక్క మెథియోనిన్ తగ్గితే మిగతా ఎమినో ఆమ్లాలు కండగా మారక వృథా అవుతాయి. వాటిలోని నత్రజని రెట్టలో బయటకు పోయి, షెడ్డులో కళ్ళు మండే అమ్మోనియా వాసన అవుతుంది. డబ్బు పెట్టి కొన్న చెక్క ఇలా గాలిలో కలిసిపోతున్నది!

ఒక లెక్క చూద్దాం. చిన్న పిల్లలకు నూరు కిలోల దాణాలో సుమారు 1,200 గ్రాముల లైసిన్, 500 గ్రాముల మెథియోనిన్ ఉండాలి. 60 కిలోల మొక్కజొన్న, 35 కిలోల సోయా చెక్క, తక్కిన 5 కిలోలు నూనె, ఖనిజాలు వగైరా వేసినామనుకోండి. లైసిన్ 1,130 గ్రాముల దాకా వస్తుంది, లోటు కొద్దిపాటిదే. మెథియోనిన్ 325 గ్రాములే, అంటే 175 గ్రాములు తక్కువ. సోయాకు బదులు ఆ 35 కిలోలూ వేరుశనగ చెక్కే వేస్తే లైసిన్ 690 గ్రాములకు, మెథియోనిన్ 276 గ్రాములకు పడిపోతాయి. మన సభ్యుని కోళ్ళకు జరిగింది ఇదే. ఇంత లోటును పొడులతోనే పూడ్చబోవటం తెలివైన పని కాదు. వేరుశనగ చెక్కను 10 కిలోలకు తగ్గించి, సోయా 25 కిలోలు వేయండి. అప్పుడు మెథియోనిన్ సుమారు 190 గ్రాములు, లైసిన్ పొడి 250 గ్రాములు కలిపితే సరిపోతుంది. బజారులో దొరికే లైసిన్ పొడిలో అసలు లైసిన్ నూటికి 78 పాళ్ళే కనుక ఆ మేరకు ఎక్కువ చెప్పినాము. చెక్క నాణ్యతను బట్టి ఈ అంకెలు కొంత మారుతాయి.

ఆదోనిలో పత్తి చెక్క దండిగా దొరుకుతుంది గదా అని కోళ్ళకు వేయకండి. అందులోని గాసిపాల్ అనే పదార్థం లైసిన్‌ను పట్టి ఉంచుతుంది. పెద్ద గేదె పొట్ట దానిని చాలావరకు తట్టుకుంటుంది, కోడిపిల్ల తట్టుకోలేదు.

ఇక విటమిన్లు. మొక్కజొన్న బదులు కొంత జొన్న వేయటం మన మెట్ట ప్రాంతంలో సహజమే. అయితే పచ్చ మొక్కజొన్నలో ఉండే విటమిన్ ఎ సరుకు తెల్ల జొన్నలో దాదాపు లేదు. జొన్న పెంచినప్పుడు ఎ విటమిన్ విషయం మరవరాదు. బి2 తగ్గితే పిల్లల కాలివేళ్ళు లోపలికి ముడుచుకొని మడమల మీద నడుస్తాయి. డి3 తగ్గితే ఎముకలు మెత్తబడతాయి. ఫోలిక్ ఆమ్లం తగ్గితే రక్తం తగ్గి, ఈకలు సరిగా రావు. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అని చెప్పుకోవటం మనకు సంతోషం.

విటమిన్ల మిశ్రమాన్ని నెలకు సరిపడా మాత్రమే కొనండి. ఏప్రిల్, మే ఎండలకు రేకుల షెడ్డులో పెట్టిన డబ్బాలో సత్తువ మిగలదు. ఖనిజాలతో, కోలిన్‌తో ముందే కలిపి నిలవ చేయకండి. గ్రాములలో వేసే పొడులను ముందు కిలో పిండిలో, తరువాత ఐదు కిలోలలో, ఆపైన మొత్తం దాణాలో కలపాలి. తిన్నగా కుప్ప మీద చల్లితే ఒక కోడికి అంతా, మరొక కోడికి సున్నా.

కోళ్ళకు పనికివచ్చింది గదా అని మెథియోనిన్ పొడిని గేదెకు పెట్టటం దండగ. పెద్ద పొట్టలోని జీవులు దానిని చాలావరకు విడగొట్టేస్తాయి. ఆ డబ్బుతో పచ్చిమేత కొనండి. వేసవిలో ఎండు చొప్ప మీదనే ఉన్న గేదెకు కరువయ్యేది ఎ విటమిన్. మిగిలిన కోళ్ళ దాణాను గేదె తొట్టిలో పోయటం ఇంకా ప్రమాదం. ఎక్కువ ధాన్యంతో పొట్ట పులిసిపోతుంది. అందులో రక్తపారుడుకు కలిపిన మందు కూడా ఉండవచ్చు. అలాగే యూరియా కలిసిన పశువుల దాణాను కోళ్ళ దగ్గరకు రానీయకండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్కకు మాత్రం ఏ విటమినూ మందు కాదు. 1960లో ఇంగ్లండులో అటువంటి చెక్క తిని సుమారు లక్ష టర్కీ కోళ్ళు చచ్చిన తరువాతనే అఫ్లాటాక్సిన్ విషం సంగతి లోకానికి తెలిసింది. ఆ చెక్క గేదెకు పెడితే విషంలో కొంత భాగం రూపు మారి పాలలోకి దిగుతుంది. మరగబెట్టినా పోదు. పాలలో దీనికి ప్రభుత్వం పెట్టిన హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము మాత్రమే. ఒక ఇంటి పాలు సంఘం క్యానులో అందరి పాలతో కలుస్తాయి. కనుక చెక్క కొనేటప్పుడు విరిచి లోపల చూడండి, వాసన చూడండి. బస్తాలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు ఎడంగా పెట్టండి. ముక్క వాసన వేస్తే కోళ్ళకూ వద్దు, గేదెకూ వద్దు.