మిగిలింది కాదు, ముందు తీసిన పిడికెడు



ఈ వారం వీడియోలో మహాభారతంలోని ముంగిస కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అక్కడ చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నా. అది మిజోరం క్రైస్తవుల వంటింటి సంగతి. మన ఛానల్లో ఇదేంటి అనుకోకండి, చివరిదాకా చదవండి.

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో నేనుండే హాస్టల్లో, పక్క గదిలో ఐజ్వాల్ అమ్మాయి ఉండేది. కుక్కర్ పెట్టే ముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. నెలాఖర్లో ఒక్క గ్లాసు బియ్యమే మిగిలిన రోజు కూడా తీసింది. "ఇవాళ్టికి మానేయొచ్చుగా?" అన్నాను. "అది నాది కాదు దీదీ, దేవుడిది" అని నవ్వేసింది.

బుహ్‌ఫాయ్ థామ్

ఆ పిడికెడు బియ్యానికి మిజో భాషలో పేరు ఇదే. 1910లో అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చి స్త్రీలు మొదలుపెట్టారు. డబ్బు పెద్దగా లేని కొండ ఊళ్లు అవి. ఇవ్వడానికి చేతిలో ఉన్నది బియ్యమే. పూటపూటా వండే ముందు పిడికెడు తీసి, పోగైంది చర్చికి ఇస్తారు. అది అమ్మగా వచ్చిన డబ్బు సేవకు వెళ్తుంది. వందేళ్లు దాటినా ఈ అలవాటు ఆగలేదు.

ఇందులో నన్ను పట్టుకున్న మాట "వండే ముందు". తిన్నాక మిగిలింది కాదు, మొదట తీసింది. అంటే ఆ పూట కంచంలో అంత తగ్గుతుంది.

రెండు కాసులు, పేలపిండి

బైబిల్లో మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఒక పేద విధవరాలు వస్తుంది. ధనవంతులు కానుకపెట్టెలో చాలా వేస్తున్నారు. ఆమె వేసింది రెండు కాసులే. అందరికన్నా ఎక్కువ వేసింది ఈమేనంటాడు యేసు. వాళ్లది మిగులులోంచి వచ్చింది, ఆమెకి ఉన్నదే అంత.

ఇప్పుడు మన ముంగిసని గుర్తు తెచ్చుకోండి. కురుక్షేత్రంలో రాలిన గింజలు ఏరుకుని బతికే బ్రాహ్మణ కుటుంబం. ఆకలితో ఉన్న అతిథికి పేలపిండి పెట్టేశారు. అక్కడ పొర్లిన ముంగిసకి సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం ధర్మరాజు అశ్వమేధంలో కూడా బంగారం కాలేదు.

దారులు వేరు, దేవుణ్ణి పిలిచే పేర్లు వేరు. కానీ రెండు చోట్లా కొలత ఒకటే: ఎంత ఇచ్చావని కాదు, ఇచ్చాక నీకేం తగ్గిందని.

నా సంగతి

అదే హాస్టల్లో పనిచేసే ఆవిడ ఒకరోజు కొడుకు పరీక్ష ఫీజుకి పదిహేను వందలు అడిగింది. నేను రెండు వందలు చేతిలో పెట్టి, వేసుకోవడం మానేసిన రెండు డ్రెస్సులు ఇచ్చాను. మంచిపని చేశానని సంతోషపడ్డాను కూడా. ఆ రాత్రే ఫ్రెండ్స్‌తో రెస్టారెంట్‌కి వెళ్లి అంతకన్నా ఎక్కువే ఖర్చుపెట్టాను. ఆ ఏడాది ఆ అబ్బాయి పరీక్ష రాయలేదు. తప్పంతా నాదే అనను. కానీ ఆ రోజు నా దగ్గర డబ్బుంది. నేనిచ్చింది మాత్రం నాకు అక్కర్లేనిది.

మనం చేయగలిగింది

1. జీతం పడిన రోజే కొంత పక్కన పెట్టండి. నెలాఖర్లో చూద్దాం అంటే ఏమీ ఉండదు. చిన్న మొత్తమైనా పర్లేదు.

2. మీది ఒకటి తగ్గించుకుని ఇవ్వండి. ఒక సినిమా, ఒక ఆర్డర్. పాత బట్టలు ఇవ్వొద్దని కాదు, దాన్ని త్యాగం అనుకోవద్దు.

3. మీ వాటానే ఇవ్వండి. ముంగిస కథలో భర్త, భార్య, కొడుకు, కోడలు, ఎవరి వాటా వాళ్లే ఇచ్చారు. అమ్మ మందుల డబ్బులు ఆపి దానం చేస్తే అది మన త్యాగం కాదు, ఆవిడది.

4. ఫోటో తీయకండి. తీసుకునేవాళ్ల గౌరవం కూడా మన కానుకలో భాగమే.

ఇప్పుడు మా ఇంట్లోనూ బియ్యం డబ్బా పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంది. కొలిచిన ప్రతిసారీ పిడికెడు తీస్తాను. నిజం చెప్పాలంటే కొన్ని రోజులు మర్చిపోతాను. గుర్తొచ్చినప్పుడు ఆ అబ్బాయి కూడా గుర్తొస్తాడు.

ఈ రాత్రి మీరు వండే ముందు ఒక్కసారి ఆగి చూడండి.

శుభం!