ఏ ఎత్తులో ఏ చీమ?

చంపాపేట్‌లో ఒక ఇల్లు. వాకిట్లో వేపచెట్టు. చెట్టు మొదట్లో చీమల పుట్ట.

కోడలు చీమల మందు పొట్లం విప్పింది. అత్త చూసింది.

"ఏం చేస్తున్నవు బిడ్డా?"

"చీమలు చక్కెర డబ్బాకు పట్టినయి అత్తమ్మా. పుట్టల మందు పోస్తున్న."

"పిలగాడు ఆడేది అక్కడనే గదా! మందంటే విషం. చేతికి అంటుతది. ఆ చెయ్యి నోట్ల పెట్టుకుంటే?"

కోడలి చెయ్యి ఆగిపోయింది.

అత్త పుట్టిల్లు అమ్రాబాద్. అది నల్లమల అడవి సీమ.

"అడవిల చీమలన్నీ ఒక్క తీరు ఉండవు బిడ్డా. మట్టిల ఒక రకం. ఎండు పుల్లల ఒక రకం. చెట్టు మీద ఒక రకం" అంది అత్త.

అత్త మాట నిజం. దీనికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది చెట్టూ చేమా. చెట్ల మీద ఉండే ఒక రకం ఎర్ర చీమలు ఆకులను దగ్గరకు లాగి పట్టుకుంటాయి. తమ పిల్లపురుగుల నోటి నుండి వచ్చే పట్టు దారంతో వాటిని అతికిస్తాయి. అదే వాటి గూడు. చెట్టు లేకపోతే ఆ చీమ లేదు. రాలిన ఆకుల కింద, చల్లని నీడలో ఉండే చీమలు వేరు. వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి ఉంది. అక్కడ గడ్డి, ముళ్ల పొదలు ఎక్కువ. ఎండ నేలకు తగులుతుంది. అలాంటి చోట ఎండకు ఓర్చే చీమలే బాగా బతుకుతాయి.

రెండోది ఎత్తు. చీమ ఒంటికి సొంత వేడి లేదు. గాలి, నేల చల్లబడితే చీమ చురుకు తగ్గుతుంది. 1000 మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అరకు దాదాపు 900 మీటర్లు. తూర్పు కనుమల్లో అర్మ కొండ 1680 మీటర్లు. చాలా కొండల మీద పైకి పోయే కొద్దీ చీమల రకాలు తగ్గుతాయి. కొన్నింటి మీద నడిమి ఎత్తులో ఎక్కువ ఉంటాయి. ఎందుకంటే కింద మరీ ఎండ, పైన మరీ చలి. మంచు ఖండం అంటార్కిటికాలో చీమలే లేవు.

చీమలు మట్టిని గుల్ల చేస్తాయి. వాననీరు ఇంకుతుంది. చచ్చిన పురుగులను ఎత్తుకుపోతాయి. గింజలను మోస్తాయి. వాటిలో కొన్ని మొలుస్తాయి. అడవిని నరికితే నీడ పోతుంది. నీడలో బతికే చీమలూ పోతాయి. అవి చేసే పనీ ఆగుతుంది.

కోడలు పొట్లం మడిచి, పిల్లవాడికి అందని చోట దాచింది. చక్కెర డబ్బా మూత బిగించింది. పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ డబ్బా పెట్టింది. చీమలు నీళ్ల దాకా వచ్చాయి. వెనక్కి మళ్లాయి.

చెప్పండి:
1. కోడలు మందు ఎందుకు పోయలేదు?
2. కొండ పైన చీమల రకాలు ఎందుకు తగ్గుతాయి?
3. మీ వాకిట్లో ఎన్ని రకాల చీమలు ఉన్నాయి? చూసి రాయండి.