చెవిపొరకు చిల్లు పెడితే వినబడుతుందా?

బస్సులో తిరుమల కొండ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేయడం మీలో చాలామందికి అనుభవమే. పక్కవాళ్ళ మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్లుంటాయి. ఒక్క గుటక వేయగానే చెవిలో ‘టప్’మంటుంది. మళ్ళీ అన్నీ మామూలుగా వినబడతాయి.

ఆ గుటక చేసిన పనేమిటి? ఇది తెలుసుకుంటే ఒక వింత ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలరు. చిన్నపిల్లల్లో కొందరికి వినికిడి తగ్గినప్పుడు డాక్టర్లు కర్ణభేరికి చిన్న చిల్లు పెట్టి, అందులో ఒక బుల్లి గొట్టం అమరుస్తారు. డప్పుకు చిల్లు పడితే సరిగా మోగదు గదా! మరి చిల్లు పెట్టిన కర్ణభేరితో పిల్లలకు మునుపటికంటె బాగా వినబడుతుందంటే ఎట్లా నమ్మడం?

గాలి గది

చెవిలో వెలుపలి చెవి, మధ్య చెవి, లోపలి చెవి అని మూడు భాగాలున్నాయని పాఠంలో చదువుకున్నారు. వెలుపలి చెవి చివర ఉన్న పలుచని పొరే కర్ణభేరి. దాని మందం మిల్లీమీటరులో పదోవంతు మాత్రమే. దాని వెనుక ఉన్నది మధ్య చెవి. ఇదొక చిన్న గాలి గది. ఇందులో కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకలు గొలుసులాగా అమరి ఉన్నాయి. అంకవన్నె పాదం లోపలి చెవి కిటికీకి ఆని ఉంటుంది. లోపలి చెవి నిండా ద్రవమే.

ఇంత ఏర్పాటు ఎందుకంటారా? గాలిలో వచ్చే శబ్దం నేరుగా ద్రవం మీద పడితే వెయ్యింట 999 వంతుల శక్తి వెనక్కి తిరిగి పోతుంది. చెరువులో మునిగినవాడికి గట్టుమీది కేకలు సరిగా వినబడకపోవడానికి ఇదే కారణం. అందుకని మధ్య చెవి ఒక ఉపాయం చేస్తుంది. కర్ణభేరిలో పనిచేసే భాగం వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె పాదం వైశాల్యం సుమారు 3.2 చదరపు మిల్లీమీటర్లు. మేకు వెడల్పాటి తలమీద కొట్టిన దెబ్బ సన్నని మొనకు చేరినట్లు, పెద్ద పొరమీది బలమంతా చిన్న కిటికీ మీదికి చేరుతుంది. దానివల్ల ఒత్తిడి 17 రెట్లు పెరుగుతుంది. ఎముకలు లీవరులాగా పనిచేసి దాన్ని మరో 1.3 రెట్లు పెంచుతాయి. మొత్తం మీద సుమారు 22 రెట్లన్నమాట!

అయితే దీనికి ఒక షరతు ఉంది. కర్ణభేరి స్వేచ్ఛగా కదలాలంటే దానికి రెండు వైపులా గాలి ఒత్తిడి సమానంగా ఉండాలి. ఇందుకోసమే మధ్య చెవి నుంచి ముక్కు వెనుక భాగానికి ఒక సన్నని నాళం ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రవేత్త యూస్టేకీ పేరుమీద దాన్ని యూస్టేకియన్ నాళం అంటున్నాం. అది మామూలుగా మూసుకుని ఉంటుంది. గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు తెరుచుకుని గాలిని సరిచేస్తుంది. కొండమీద మీరు విన్న ‘టప్’ అదే!

గాలి పోయి జిగురు చేరితే

పెద్దవాళ్ళలో ఈ నాళం ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, సులభంగా తెరుచుకోదు. జలుబు చేసినా, ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్లు వాచినా అసలే పనిచేయదు. అప్పుడు గదిలో చిక్కుకున్న గాలిని చుట్టూ ఉన్న పొర కొద్దికొద్దిగా రక్తంలోకి పీల్చుకుంటుంది. లోపల ఒత్తిడి తగ్గి కర్ణభేరి లోనికి గుంజుకుపోతుంది. పొరనుంచి ద్రవం ఊరి గది నిండుతుంది. ఆ ద్రవం క్రమంగా చిక్కబడి జిగురులాగా తయారవుతుంది. అందుకే డాక్టర్లు దీన్ని ‘గ్లూ ఇయర్’, అంటే జిగురు చెవి అంటారు.

ఒక ఖాళీ కుండ తీసుకుని వేళ్ళతో తట్టండి. తరువాత దాన్ని నిండా నీళ్ళతో నింపి తట్టండి. మోత ఎట్లా అణిగిపోయిందో చూశారా? జిగురు చేరిన చెవిలో కర్ణభేరి గతీ అంతే.

ఇప్పుడు మరో ప్రయోగం. చెవి రంధ్రానికి ముందున్న చిన్న తమ్మెను వేలితో నొక్కి రెండు చెవులూ మూసుకోండి. మీ స్నేహితుణ్ణి పదడుగుల దూరంలో నిలబడి, నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని, కల, తల, పల, వల అనే మాటల్ని మామూలు గొంతుతో తారుమారు చేసి చెప్పమనండి. ఎవరో ఏదో అంటున్నారని తెలుస్తుంది. ఏ మాటో పోల్చుకోవడం కష్టం. ‘అ’, ‘ఆ’ వంటి అచ్చులు బలమైన ధ్వనులు. క, త, ప వంటి హల్లులు క్షణకాలం పలికే బలహీనమైన ధ్వనులు. వినికిడి తగ్గగానే ముందుగా జారిపోయేవి ఇవే. జిగురు చెవి ఉన్న పిల్లలకు తరచు 20 నుంచి 35 డెసిబెల్‌ల వరకు వినికిడి తగ్గుతుంది. 30 డెసిబెల్‌లు తగ్గడమంటే శబ్ద శక్తిలో వెయ్యోవంతే చేరుతున్నదన్నమాట.

ఇందులో చిక్కేమిటంటే, చాలాసార్లు నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. గట్టిగా పిలిస్తే పిల్లవాడు పలుకుతాడు కూడా. డిక్టేషన్‌లో మాత్రం తప్పులు రాస్తాడు. బడిలో ‘పరధ్యానం’ అంటారు, ఇంట్లో ‘మొండి’ అంటారు. పాపం, వాడికి తనకు వినబడడం లేదన్న సంగతే తెలియదు!

చిల్లు, గొట్టం

1801లో లండన్ వైద్యుడు ఆస్ట్‌లీ కూపర్, నాళం మూసుకుపోయిన కొందరికి కర్ణభేరికి చిల్లు పెట్టి వినికిడి తెప్పించవచ్చునని వివరించాడు. ఆ ఏడే రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. కాని శరీరానికి గాయాలు మాన్పుకునే గుణం ఉంది గదా! చిల్లు త్వరగా పూడుకునేది. చెవుడు తిరిగి వచ్చేది. చిల్లును తెరిచి ఉంచడమెట్లా? 1860లలో వియన్నా వైద్యుడు ఆడమ్ పోలిట్జర్ గట్టి రబ్బరు గొట్టం అమర్చి చూశాడు. ఆ పద్ధతి అప్పట్లో నిలదొక్కుకోలేదు. 1954లో అమెరికా వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్లాస్టిక్ గొట్టంతో చేసిన చికిత్సను ప్రకటించాడు. అప్పటినుంచి ఇది దేశదేశాలకు వ్యాపించింది.

జిగురు చెవి అనగానే ఆపరేషన్ చేయరు. చాలామందికి అది తనంతట తానే తగ్గుతుంది. అందుకని సుమారు మూడు నెలలు ఆగి మళ్ళీ పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గక, వినికిడికి అడ్డంగా ఉంటే గొట్టం సంగతి ఆలోచిస్తారు. పిల్లవాడికి మత్తు ఇచ్చి, మైక్రోస్కోపుతో చూస్తూ, కర్ణభేరిమీద రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, ద్రవాన్ని పీల్చివేసి, దారపు రీలు ఆకారంలో ఉన్న గొట్టాన్ని అందులో ఇరికిస్తారు. ఇదంతా పది పదిహేను నిమిషాల పని.

శబ్దం ఈ గొట్టంలోంచి లోపలికి పోతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గొట్టంలోంచి పోయేది గాలి. నూనె డబ్బాకు ఒక్క చిల్లే పెడితే నూనె సరిగా రాదు; గాలికోసం రెండో చిల్లు పెట్టగానే ధారగా వస్తుంది. ఇదీ అంతే. గాలి గదిలోకి మళ్ళీ గాలి వస్తుంది, ఒత్తిడి సమానమవుతుంది, మిగిలిన ద్రవం యూస్టేకియన్ నాళం గుండా దిగిపోతుంది. గొట్టం రంధ్రం వ్యాసం ఒక మిల్లీమీటరు అనుకుంటే, వైశాల్యం 0.8 చదరపు మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే కర్ణభేరిలో డెబ్బయ్యో వంతు! అంత పోగొట్టుకుని మిగిలిన భాగమంతా మళ్ళీ కదలడం మొదలుపెడుతుంది.

వినికిడి వచ్చాక

చాలామంది పిల్లలకు ఆపరేషన్ అయిన వెంటనే, లేదా కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఫ్యాను చప్పుడు, గిన్నెల మోత కూడా కొత్తగా, పెద్దగా వినబడతాయి. కొందరు బెదిరి చెవులు మూసుకుంటారు. కొద్ది రోజుల్లో అలవాటు పడతారు.

అయితే చెవి బాగుపడినంత మాత్రాన, ఇన్నాళ్ళూ వినని మాటలు ఒక్కసారిగా వచ్చేయవు. తప్పుగా విని తప్పుగా నేర్చుకున్న మాటల్ని సరిదిద్దుకోవడానికి నెలలు పట్టవచ్చు. ముఖంలోకి చూస్తూ నిదానంగా మాట్లాడడం, కథలు చదివి వినిపించడం, బడిలో ముందు వరుసలో కూర్చోబెట్టడం ఎంతో సాయపడతాయి. వినికిడి పరీక్ష మళ్ళీ చేయించడం మరవకూడదు.

గొట్టాన్ని తీయడానికి సాధారణంగా మరో ఆపరేషన్ అక్కరలేదు. కర్ణభేరిమీది చర్మం నెమ్మదిగా వెలుపలికి పెరుగుతూ ఆరు నెలలకో, ఏడాదికో, మరికొంత కాలానికో గొట్టాన్ని నెట్టివేస్తుంది. చాలామందిలో చిల్లు దానంతటదే పూడుతుంది. అప్పటికి నాళం కూడా కొంత ఎదుగుతుంది. కొందరికి మాత్రం మళ్ళీ ద్రవం చేరి రెండోసారి గొట్టం వేయవలసి వస్తుంది. గొట్టం ఉన్నన్నాళ్ళూ చెవిలో నూనె, పసరు పోయరాదు. డాక్టరును అడగకుండా బావిలో, చెరువులో దూకరాదు. చీము కారితే వెంటనే చూపించాలి. లోపలి చెవిలోగాని, నాడిలోగాని లోపముంటే ఈ గొట్టం పనిచేయదు. దానికి చికిత్స వేరు.

మీ తమ్ముడో చెల్లెలో పిలిస్తే పలకకపోయినా, టీవీ మోత పెంచుతున్నా, మాటిమాటికీ ‘ఆఁ?’ అంటున్నా విసుక్కోకండి. చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించమని అమ్మానాన్నలకు చెప్పండి.

ఆలోచించి చెప్పండి

1. జలుబు చేసినప్పుడు చెవులు దిబ్బడ వేయడానికి కారణమేమిటి?
2. ద్రవాన్ని పీల్చివేసి, గొట్టం పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది?
3. వయసు పెరిగేకొద్దీ జిగురు చెవి బాధ ఎందుకు తగ్గుతుంది?