సెలవుల్లో కుర్రాళ్లకు పని: ఊరి నీటి లెక్క

కాలేజీ పిల్లలు సేవా కార్యక్రమమంటూ ఊళ్లోకి వస్తారు. వీధులు ఊడుస్తారు, పది మొక్కలు నాటుతారు, ఫొటో దిగి వెళ్లిపోతారు. ఎండలు ముదిరేసరికి ఆ మొక్కలూ పోతాయి. తప్పు పిల్లలది కాదు. ఏ పని చేస్తే మనకు మేలో వాళ్లకు మనం చెప్పలేదు.

జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల శిబిరం కూడా ఉంటుంది. ఇన్ని గంటల పనిని బేస్తవారిపేట, కంభం, కొమరోలు, గిద్దలూరు పల్లెలు దేనికి వాడుకోవాలి? మన కష్టమంతా నీటిదే కాబట్టి నీటికే వాడుకోవాలి. రెండెకరాల రైతు అప్పు చేసి బోరు వేయిస్తాడు. నీళ్లు పడకపోతే ఇంకోటి వేయిస్తాడు. పడినా, పక్క చేలో కొత్త బోరు పడితే ఇతనిది తగ్గుతుంది. భూమిలో ఎన్ని నీళ్లున్నాయో చూడకుండా బోరు వేయడమంటే సంచిలో ఎంతుందో చూడకుండా సంతకు పోవడమే.

ఇది జరిగిన పనే

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుంచి 2009 దాకా అప్పటి ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క కట్టే కార్యక్రమం నడిచింది. అందులో మన ప్రకాశం కూడా ఉంది. ఆడా మగా రైతులు స్వచ్ఛందంగా రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు, ఆ అంకెలు ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు అంతా కూర్చొని నీళ్లెన్ని, అనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క వేశారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క కళ్ల ముందుంటే చాలామంది రైతులు తామే పంట మార్చుకున్నారు. ఆ పనిని మన పిల్లలతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మొదటి పని: వాన కొలత

అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్టూ గోడా దగ్గర లేని చోట కదలకుండా పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి లోతు చూసి, పుస్తకంలో రాసి పారబోయాలి. ఒక సెంటీమీటరు నిలిస్తే 10 మిల్లీమీటర్ల వాన. ఒక మిల్లీమీటరు వానంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్లు. దీనికి ఏడో తరగతి పిల్లవాడు చాలు.

రెండో పని: నీటిమట్టం

ఊరి నాలుగు దిక్కులా నాలుగైదు బావులు, బోర్లు ఎంచుకోవాలి. పదిహేను రోజులకోసారి, మోటారు వేయకముందు తెల్లవారుజామున కొలవాలి. బావికి టేపు, బరువు చాలు. బోరుకు తీగ చివర నీటిని తాకగానే మోగే పరికరం కావాలి. ప్రతిసారీ ఒకే గుర్తు నుంచి కొలవాలి. ఎంత లోతు తక్కువ బావి అయినా పిల్లల్ని లోపలికి దించకూడదు.

మూడో పని: బోరు పోత

'మా బోరు రెండించులు పోస్తుంది' అంటాం. అది అంచనా మాత్రమే. పది లీటర్ల బకెట్టు పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 5 సెకన్లయితే సెకనుకు 2 లీటర్లు. ఏడు గంటల కరెంటుకు దాదాపు 50 వేల లీటర్లు. వంద రోజులు తగ్గకుండా పోస్తే 50 లక్షల లీటర్లు.

ఇప్పుడు పంట లెక్క చూడండి. ఎకరా వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. వేరుశనగకు 500, అంటే 20 లక్షలు. సజ్జకు 300, అంటే 12 లక్షలు. అదే బోరు కింద వరి ఒక ఎకరా, వేరుశనగ రెండున్నర, సజ్జ నాలుగు ఎకరాలు.

ఇంకో మాట. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. మన రాతి నేలల్లో అందులో పదో వంతు ఇంకితే గొప్పే. అంటే ఎకరాకు 2 లక్షల 40 వేల లీటర్లు. వరిమడిలో కొంత నీరు తిరిగి ఇంకుతుంది నిజమే. అయినా ఎకరా వరికి పెట్టే నీరు ఇరవై ఎకరాల్లో ఇంకిన నీటితో సమానం. మిగతా పంతొమ్మిది ఎకరాల్లో మీ పొలమూ ఉండొచ్చు.

నాలుగో పని: వదిలేసిన బోర్లకు మూత

ఇది ప్రాణాలకు సంబంధించిన పని, ఆలస్యం పనికిరాదు. నోరు తెరిచిన బోరు పసిపిల్లలకు మృత్యువే. వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. కుర్రాళ్లు సర్వే నంబరు వారీగా జాబితా రాసి పంచాయతీకి ఇవ్వాలి. వాడే బోరైతే కేసింగుకు గట్టి మూత బిగించాలి. గోనెసంచి కప్పి, పైన రాయి పెడితే సరిపోదు.

అయిదో పని: నీరొచ్చే దారి

మన పక్కనున్న కంభం చెరువు విజయనగర రాజుల కాలం నాటిది. వరదరాజమ్మ కట్టించిందని పెద్దలు చెప్పుకొంటారు. గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను కొండల నడుమ ఆపిన ఈ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్ట ఎంత గట్టిదైనా నీరొచ్చే దారి మూసుకుపోతే ఏ చెరువైనా నిండదు. మీ ఊరి కుంటకు నీరు తెచ్చే వాగులో చిల్లచెట్లు ఎక్కడ మొలిచాయో, గండి ఎక్కడ పడిందో పిల్లలు వాగు వెంట నడిచి పటం గీయాలి. నరకడం, పూడిక తీయడం పంచాయతీ, నీటి సంఘం అనుమతితో వానలకు ముందే ముగించాలి.

పుస్తకం ఊళ్లోనే ఉండాలి

శిబిరం వారంలో అయిపోతుంది, కొలత మాత్రం ఏడాదంతా సాగాలి. అందుకే కాలేజీ పిల్లలు వెళ్లేలోగా ఊరి పిల్లలు ఇద్దరికి, రైతులు ఇద్దరికి పని నేర్పి వెళ్లాలి. లెక్క జూన్ 1న మొదలుపెట్టండి. పుస్తకం పంచాయతీలో, అంకెలు రచ్చబండ దగ్గరి బోర్డు మీద ఉండాలి. రబీ విత్తనం కొనకముందు, అక్టోబరులో ఆ బోర్డు ముందు కూర్చోండి. కొత్త బోరుకు అప్పు చేయాలనుకునే రైతు ముందుగా ఆ అంకెలు చూడాలి. బకెట్టు, స్కేలు, నోటు పుస్తకం కొనడానికి ఎవరికీ అప్పు అక్కర్లేదు.